సవర నిఘంటువు: పలికినవారూ, రాసినవారూ

గిడుగు రామమూర్తి అనగానే మన సాహిత్య విద్యార్థులకు గుర్తొచ్చేది వ్యావహారిక భాషోద్యమం. 1911లో ఉద్యోగ విరమణ చేశాక ఆయన గ్రాంథికవాదులతో జరిపిన పోరాటం, 1919లో నడిపిన ‘తెలుగు’ పత్రిక, ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం - పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. చివర్న, సవర భాషకు కూడా ఆయన ఎనలేని సేవ చేశాడని ఒక వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెనక నాలుగు దశాబ్దాలకు పైబడిన శ్రమ ఉంది.

‘సేవ’ అనే ఆ మాట దగ్గరే నా పేచీ. సేవ అన్నామంటే చేసినవాడు ఒకడు, చేయించుకున్నవాళ్లు మరికొందరు అని అర్థం. కాని నిఘంటువు అలా తయారయ్యే వస్తువు కాదు. ఒకరు మాట ఇవ్వాలి, మరొకరు దాన్ని వినాలి, రాయాలి, అర్థం సరిచూడాలి, ఇచ్చినవాడు కాదంటే కొట్టివేసి మళ్లీ రాయాలి. సవర నిఘంటువులోని ప్రతి మాటనూ ఇచ్చింది సవరలే. కనుక అది ఉమ్మడి పని. ఉమ్మడి పనిలో సరుకు తెచ్చి ఇచ్చేవారికీ, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నిర్ణయించే నాయకుడికీ మధ్య మాట ఎలా నడిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్న విషయం.

ఈ ప్రశ్న నాకు తట్టింది భాషాశాస్త్రం చదివి కాదు. కంప్యూటర్ల రంగంలో కొన్ని దశాబ్దాలుగా ఒక తరహా సామూహిక శ్రమ సాగుతోంది. ఒక ప్రోగ్రామును రాసి, దాని మూలపాఠాన్ని దాచకుండా అందరి ముందూ పెడతారు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్పును పంపవచ్చు. పంపిన మార్పును చేర్చుకోవాలో వద్దో ఆ పనికి నాయకులుగా ఉన్నవారు నిర్ణయిస్తారు. దీన్ని ఓపెన్ సోర్స్ అంటున్నారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పిలుపు ఇచ్చాడు. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. ఈ పనుల గురించి చదువుతున్నప్పుడల్లా నాకు పర్లాకిమిడి గుర్తుకొస్తూ వచ్చింది. పోలిక వింతగా తోచవచ్చు. కొంచెం ఓపిక పట్టమని పాఠకులను కోరుతున్నాను.

తూర్పు కనుమల్లో అరకులోయ నుంచి మహేంద్రగిరి దాకా ఉన్న కొండలు భాషల పుట్ట. అరకు చుట్టూ కొండదొరల కొండ భాష, కోదుల కువి, గదబల మాట; వీటన్నిటి మీదా సంతలో పనికొచ్చే ఆదివాసీ ఒడియా. ఈశాన్యంగా వెళ్తే, నేటి పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం జిల్లాల కొండలు, ఒడిశాలో రాయగడ, గజపతి జిల్లాలు - అది సవర సీమ. సవర ముండా కుటుంబపు భాష. తెలుగుతోగాని ఒడియాతోగాని దానికి చుట్టరికం లేదు. మైదానం వాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఈ అర్థం కాకపోవటం మీదే దోపిడీ వర్ధిల్లింది. సంతలో తూకం, షావుకారు పత్రం, కచేరీలో వాంగ్మూలం - అన్నిటికీ మధ్యలో దుబాసీ ఉండేవాడు. దుబాసీ ఏం చెప్తే సవర అన్నది అదే, దొర విన్నది అదే.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరిన పదిహేడేళ్ల కుర్రాడు రామమూర్తి. సవర భాష నేర్చుకోవాలని పట్టుబట్టాడు. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. అడవుల్లో తిరిగాడు. చలిజ్వరం తగిలింది. మోతాదుకు మించి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చి జీవితాంతం వదల్లేదు. ధ్వనులను పట్టుకోవటానికి బయల్దేరినవాడికి చెవులే పోయాయంటే ఆ పని ఎంత ఖరీదైనదో ఊహించుకోవచ్చు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు, పంతుళ్లకు జీతాలిచ్చాడు, తెలుగు లిపిలో సవర వాచకాలు రాశాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో బడి పెట్టండి, పుస్తకాలు నేను రాసిస్తాను అన్నాడని ఆయన జీవిత కథల్లో చెబుతారు. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ఆయన సవర భాషా వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చు వేసింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. 1940 జనవరి 22న ఆయన చనిపోయాడు.

ఇంట్లో పెట్టుకున్న ఆ రెండు భాషల మనిషి ఎవరు? నేను చదివిన జీవిత కథలన్నిటిలో ఆయన ఒక వాక్యంలో వచ్చి అదే వాక్యంలో వెళ్లిపోతాడు. ఆయనకు పేరు లేదు. ‘ఒక వ్యవహర్త’, ‘ఒక వ్యక్తి’ - అంతే. రామమూర్తికి ‘రావు బహదూర్’ ఇచ్చారు, ‘కైజర్-ఇ-హింద్’ పతకం ఇచ్చారు. ఆయన వాటికి అర్హుడు కాడని ఎవరంటారు! కాని సవర భాషాధ్యయనానికి తొలి గురువు అనిపించుకోవలసిన మనిషి చరిత్రలో ఇంటి సామానులా మిగిలిపోయాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. వినే పద్ధతిలో రామమూర్తి తన కాలానికి ఎంతో ముందున్నాడు. పలికేవాడి నోరే ప్రమాణం అన్న సూత్రాన్ని ఆయన సవరల దగ్గర ఆచరణలో పెట్టాడు. పలుకు మధ్యలో గొంతు దగ్గర ఊపిరి తెగిపోయే ఒక ధ్వని సవరలో ఉంది. తెలుగు అక్షరమాలలో దానికి చోటు లేదు. లిపి లేదు కనుక ధ్వని లేదు అని ఆయన అనలేదు. గుర్తు పెట్టి చూపించాడు. లెక్క చూడండి. సవరలు పన్నెండు దాకా లెక్కపెట్టి, పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అంటూ పోతారు, తర్వాత ఇరవైలు. పదులకు అలవాటు పడిన పంతులు దాన్ని అనాగరిక గణితమని దిద్దబోయేవాడే. రామమూర్తి ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. తర్వాత తెలుగు విషయంలో ఆయన పండితుల మీదికి విసిరిన వాదమంతా - జనం పలికేదే భాష అన్నది - కొండల్లో చేసిన ఈ పనిలో గట్టిపడిందే అని నా అభిప్రాయం. ఉద్యమ చరిత్ర రాసినవాళ్లు దాని వేళ్లు విజయనగరంలో వెతికినంతగా సవర గూడేల్లో వెతకలేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన నమూనా అదే కాలంలో మన కళ్ల ముందే ఉంది. 1911లో ఏర్పడ్డ ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పిఠాపురం మహారాజు పోషణలో, జయంతి రామయ్య పంతులు నాయకత్వాన సూర్యరాయాంధ్ర నిఘంటువును తలపెట్టింది. మొదటి సంపుటం 1936లో వచ్చింది, చివరి సంపుటం 1972లో. ఎందరో పండితులు పనిచేశారు, గ్రంథాలు జల్లెడ పట్టారు. కాని లోపలికి రావటానికి మాటకు కావలసిన అర్హత కావ్యంలో కనిపించటం. రైతు నోట్లో ఉంటే చాలదు. నాయకత్వం ముందుగానే గుమ్మం దగ్గర నిలబడి, ఎవరు తెచ్చిన మాట మాట అవుతుందో తేల్చిపారేసింది. ఇంగ్లీషువాళ్ల ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు 1879లో జేమ్స్ మర్రే ఇచ్చిన పిలుపుకు స్పందించి వేలాది సామాన్య పాఠకులు చీటీల మీద ఉదాహరణలు రాసి పంపారు. వాళ్లూ పుస్తకాల్లోంచే తీశారు నిజమే. అయితే పంపినవారి పేర్లు ముందుమాటల్లో అచ్చయ్యాయి.

రామమూర్తి వినటంలో గొప్పవాడు అన్నాను. మరి వినిపించటంలో? వ్యాకరణం ఇంగ్లీషులో ఉంది, నిఘంటువు అర్థాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చదవవలసినవాళ్లు ఏజెన్సీ అధికారులు, మిషనరీలు, యూరపు పండితులు. మాట ఇచ్చిన సవర, తన మాటకు ఏ అర్థం అచ్చయిందో చూసుకుని “బాబూ, ఇది అది కాదు” అనటానికి దారి లేదు. మాట కొండ దిగి మద్రాసు చేరింది గాని, అచ్చయినది మళ్లీ కొండ ఎక్కలేదు. ఇది రామమూర్తి వ్యక్తిగత లోపం అనుకుంటే పొరపాటు. సర్కారు అచ్చువేసే పుస్తకం సర్కారు భాషలోనే వస్తుంది. వలస పాలనకు కావలసింది కొండవాళ్లను అర్థం చేసుకోవటం. కొండవాళ్లకు అర్థం కావటం కాదు. ఆయన తనకు చేతనైన చోట, అంటే బడుల్లో, వాచకాల్లో, ఆ తిరుగుదారిని తెరవటానికి ప్రయత్నించాడు. చదువుకున్న సవర పిల్లవాడు రేపు నిఘంటువును దిద్దగలడు. ఆ బడులు నిలబడి ఉంటే కథ మరోలా ఉండేది.

ఇప్పుడు కంప్యూటర్ల సంగతికి వస్తాను. లినక్స్ లాంటి పనిలో మార్పులను భద్రపరచటానికి గిట్ అనే పరికరం వాడతారు. 2005లో టోర్వాల్డ్సే దాన్ని తయారుచేశాడు. అందులో ప్రతి మార్పు పక్కనా రెండు పేర్లు వేరువేరుగా నమోదవుతాయి - రాసినవాడి పేరు ఒకటి, దాన్ని చేర్చినవాడి పేరు మరొకటి. ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోవచ్చు. సాహిత్య విద్యార్థులు ఈ చిన్న ఏర్పాటు దగ్గర కాసేపు ఆగాలి. జానపద గేయాల సంకలనాలు ఎన్ని మన గ్రంథాలయాల్లో ఉన్నాయి! అట్ట మీద సేకర్త పేరు. పాడిన ముసలమ్మ పేరు ఏ మూలా ఉండదు. పాడినవారు వేరు, పుస్తకంలోకి ఎక్కించినవారు వేరు అన్న ఎరుకను ఒక యంత్రం పాటించగలిగింది. మన సంపాదకులు చాలామంది పాటించలేదు.

రెండో సంగతి, కాదనటం. నాయకుడు ఒక మార్పును తిప్పికొడితే, ఎందుకు తిప్పికొట్టాడో మామూలుగా అందరి ముందూ చెప్పాలి. పంపినవాడు జవాబు చెప్పవచ్చు, మూడోవాడు కల్పించుకోవచ్చు, ఆ వాదన పదేళ్ల తర్వాత వచ్చినవాడికీ చదవటానికి దొరుకుతుంది. ఇక ఎంత చెప్పినా నాయకుడు వినకపోతే, మొత్తం మూలపాఠాన్ని తీసుకుని వేరుకుంపటి పెట్టుకునే హక్కు ప్రతివాడికీ ఉంది. ఆ హక్కును వాడేవాళ్లు తక్కువే. అది ఉందన్న ఎరుక మాత్రం నాయకుణ్ణి మాట్లాడిస్తుంది.

దీన్ని చూసి అక్కడ సమసమాజం వచ్చేసిందని మురిసిపోనక్కర్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను పుట్టించిన గీడో వాన్ రోసమ్‌ను ‘దయగల జీవితకాల నియంత’ అని పిలిచేవారు. సరదా బిరుదే, కాని అధికారం సరదాది కాదు. 2018 జులైలో ఒక మార్పు మీద రేగిన వాదం తర్వాత ఆయనే విసిగి తప్పుకున్నాడు. 2019 నుంచి ఆ భాష బాధ్యత, ప్రధానంగా పనిచేసేవాళ్లు ఓటు వేసి ఎన్నుకునే అయిదుగురి మండలికి వచ్చింది. టోర్వాల్డ్స్ తనకు నచ్చని మార్పు పంపినవాళ్లను ఏళ్ల తరబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. పనిలో నిక్కచ్చితనం అని భక్తులు దాన్ని సమర్థించారు. 2018 సెప్టెంబరులో ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పని నుంచి తప్పుకున్నాడు; అప్పుడే లినక్స్ పనికి ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఇంత పెద్ద కంపెనీల పెట్టుబడి వెనకున్న పనిలో ఈ మాత్రం మార్పు రావటానికి ఇరవై ఏడేళ్లు పట్టింది. తెలుగులో ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెరలను అనువదించినవాళ్ల మధ్య ‘ఫైలు’ అనాలా ‘దస్త్రం’ అనాలా అన్న వాదం విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. జయంతి రామయ్య, గిడుగు రామమూర్తి మళ్లీ పుట్టి కంప్యూటర్ల ముందు కూర్చున్నారన్నమాట!

మళ్లీ కొండలకు వెళదాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలవటాన్ని వ్యతిరేకించిన రామమూర్తి, ఆ రోజే ఊరు వదిలి రాజమండ్రికి వెళ్లిపోయాడు. ఆయన కొడుకు గిడుగు సీతాపతి కూడా సవర భాష మీద పనిచేసినవాడే. అదే సంవత్సరం జూన్ 18న, సవర కొండల్లో మంగేయి గొమాంగో అనే సవర చేతిలో ఒక కొత్త లిపి పుట్టింది. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క దేవత పేరు. లిపి దైవసాక్షాత్కారమని అనుయాయులు నమ్ముతారు, అక్షరాన్నే బ్రహ్మగా కొలుస్తారు.

రెండూ ఒకే ఏడు జరగటం యాదృచ్ఛికమే. రామమూర్తి వెళ్లిపోయాడని ఆ లిపి పుట్టలేదు. కాని ఇందులో చరిత్ర లేదనటానికి వీల్లేదు. అప్పటికి సవరను తెలుగు లిపిలో రాసే పంతుళ్లున్నారు, రోమన్ లిపిలో రాసే మిషనరీలున్నారు, ఒడియా లిపి నేర్పబోయే కొత్త ప్రభుత్వం వచ్చింది. ఈ మూడు పనుల్లోనూ సవరలు మాటలిచ్చేవాళ్లే తప్ప నిర్ణయించేవాళ్లు కారు. నాలుగో పనిలో నిర్ణయం సవరదే. అది మతరూపంలో వచ్చింది కాబట్టి వెనకబాటుతనమని కొట్టిపారేసే విమర్శకులను నేనెరుగుదును. అక్షరం మీద హక్కు లేని జాతి, అక్షరాన్ని దేవుడి దగ్గర్నుంచే నేరుగా తెచ్చుకున్నానంటే దాని అర్థం, మధ్యలో ఏ దుబాసీ అక్కర్లేదని. కంప్యూటర్ల వాళ్ల మాటలో అది వేరుకుంపటి.

వేరుకుంపటికి ఖరీదు ఉంది. ఒకే భాష మాట్లాడేవాళ్లు నాలుగు లిపుల్లో చీలిపోయారు. సీతంపేట బడిలో సవర చదివిన పిల్లకు, సరిహద్దు దాటి గుణుపురం వైపు పెళ్లయి వెళితే, అక్కడి సవర అచ్చుపుస్తకం పలక్కుండా ఉండిపోతుంది. మాట ఒకటే, చూపు వేరు. దీనికి నింద వేరుకుంపటి పెట్టుకున్నవాడి మీద వెయ్యటం మనకు అలవాటు. మొదటి పొయ్యి దగ్గర అతనికి పీట వేశారా లేదా అని ముందు అడగాలి.

సొరంగ్ సొంపెంగ్ కథ అక్కడ ఆగలేదు. ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్లో సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో ఆ లిపిని చేర్చాలని 2009లో మైఖేల్ ఎవర్సన్ ప్రతిపాదన రాశాడు. 2012 జనవరిలో వచ్చిన 6.1 సంచికలో అది చేరింది. నోటో అనే ఉచిత ఖతుల కుటుంబంలో ఇప్పుడు సొరంగ్ సొంపెంగ్ ఖతి ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పొట్టాసింగి కొండల మీది అక్షరం ఏ కంప్యూటర్ తెర మీదనైనా కనిపించగలదు. ఇది చిన్న విజయం కాదు. ప్రతిపాదన కాగితాలు కూడా బహిరంగంగానే ఉన్నాయి, అభ్యంతరం ఉంటే రాసి పంపవచ్చు. కాని ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఓటు హక్కున్న సభ్యుల్లో ఎక్కువమంది పెద్ద కంపెనీలు. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం దగ్గర మూసుకున్న తలుపు ఇప్పుడు తెరిచే ఉంది. గడప ఎత్తు మాత్రం తగ్గలేదు.

మన వైపు ఏం జరిగింది? భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండ భాషను పరిశీలించి 1969లో గ్రంథం వెలువరించాడు. ఆయన సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశంలో ఏ మాట ఏ ప్రాంతపు రైతు వాడతాడో నమోదయింది. సూర్యరాయాంధ్రం మూసిన గుమ్మాన్ని ఇది తెరిచిందని చెప్పాలి. ప్రాంతం పేరు దాకా వచ్చాం, మనిషి పేరు దాకా రాలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక విద్య మొదలయినప్పుడు సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా వాచకాలను ఆ సమాజాల ఉపాధ్యాయులే కూర్చుని రాశారు. తెలుగు లిపిలోనే. రామమూర్తి బడుల్లో పుట్టాలని కలగన్న దిద్దేవాళ్లు వందేళ్లు ఆలస్యంగా వచ్చారన్నమాట. ఆ వాచకాలు నిలిచాయా, పైతరగతుల్లోకి వెళ్లాయా అన్నది ప్రభుత్వాల ఇష్టాయిష్టాల మీద ఆధారపడిపోయింది. పంపేవారు కొండ మీద, చేర్చేవారు రాజధానిలో అన్న ఏర్పాటు మాత్రం పెద్దగా మారలేదు.

కొన్నేళ్ల కిందట సీతంపేట వైపు ఒక పదసేకరణ శిబిరంలో రెండు రోజులు కూర్చున్నాను. పట్నం నుంచి అచ్చువేసిన పట్టికలు వచ్చాయి. అంకెల పట్టికలో ఒకటి నుంచి వంద దాకా పదేసి గళ్లు. సవర కుర్రాడే అడుగుతున్నాడు, సవర ముసలమ్మ చెబుతోంది. పన్నెండు దాకా సాఫీగా సాగింది. పదమూడు దగ్గర ఆమె “పన్నెండూ ఒకటీ” అన్నట్టు చెప్పింది. కుర్రాడు గడి చూశాడు, ఆమెను చూశాడు, బడిలో నేర్చుకున్న తెలుగు అంకెను సవర ఉచ్చారణలో రాసేశాడు. ఆమెకు చదువు రాదు గాని రాత ఎంతసేపు సాగిందో కళ్లకు తెలుసు. “నేను ఎక్కువ చెప్పానయ్యా, నువ్వు తక్కువ రాశావు. రాసింది ఓసారి చదివి వినిపించు” అంది. శిబిరం నడిపే పెద్దమనిషి, టైము లేదు, ఆఖర్న చదువుదాంలే అవ్వా అన్నాడు. మధ్యాహ్నం భోజనాల తర్వాత కుర్రాడే, ఎవరూ చెప్పకుండా, కాగితాలు తీసుకుని చెట్టు కిందికి వెళ్లి ఆమె ముందు కూర్చున్నాడు. చదవటం మొదలుపెట్టాడు. చుట్టూ మరో నలుగురు ఆడవాళ్లు చేరారు. సాయంత్రానికి ఆ పట్టికలో కొట్టివేతలే ఎక్కువ కనిపించాయి. అంకెల గళ్లన్నీ అడ్డంగా కొట్టేసి కాగితం వెనక వైపు పన్నెండ్లూ ఇరవైలుగా కొత్త పట్టిక గీశాడు. పైన ఆమె పేరు రాశాడు, కింద తన పేరు రాసుకున్నాడు.